ఎడమచేతి పలక

ఒంగోలు పోయి నాలుగు పుస్తకాల కొట్లలో అడిగాను.
"హిందీనా అమ్మా?" అన్నాడొకడు.
"కాదు, హెబ్రీ."
"ఏ సిలబస్సు?"
ఇంకొకడు లోపలికి పోయి వెదికినట్టే వెదికి
చేతులు దులుపుకుంటూ వచ్చి
చుక్కలు కలిపే కాపీ పుస్తకం ముందర పెట్టాడు.
ఒకరోజు కూలి పోయింది, బస్సు చార్జీలు కాక.

మార్కాపురంలో పలకకి కరువేముంది.
మా ఆయన రంపం కాడ పనిచేస్తాడు,
ఇంటికొచ్చేసరికి కనుబొమ్మల మీద కూడా రాతిపొడి.
మూల విరిగినవి, పెచ్చు లేచినవి, లారీ ఎక్కనివి
గోనెసంచిలో వేసుకొస్తాడు.
రాసేదానికి రాయి ఉంది.
ఏం రాయాలో చెప్పే మనిషి లేడు.

ఉన్నదల్లా అవ్వ చదివిన నల్లట్ట గ్రంథం.
అందులో ఒక పొడుగు కీర్తన.
ఎనిమిది చరణాలకొకసారి
నడిమధ్యన ఒంటరిగా ఒక పేరు:
ఆలెఫ్. బేత్. గీమెల్. దాలెత్.
అవ్వ చదువుతుంటే, చిన్నప్పుడు,
ఎవరో ఇరవైరెండుమంది పెద్దోళ్ళనుకున్నాను,
తాత వైపు వాళ్ళు,
కంభం చెరువు కింద కూలికి దున్ని పోయినవాళ్ళు.
ముప్పై ఏళ్ళుగా పేర్లు తెలుసు.
ముఖాలు చూడలేదు.

తాత శుక్రవారం పొద్దుగూకితే
రెండు దీపాలు పెట్టి ఏదో గొణిగేవాడు.
"ఏం మాటలు తాతా?"
"మా నాయన అన్నవే."
అంతకంటే ఆయనకీ తెలీదు.
గొణుగుడు నా దాకా వచ్చి ఆగిపోయింది.

చీరాల నుంచి పిన్ని కొడుకు యోతాము
ఫోనుకి ఒక పటం పంపాడు.
జిరాక్సు కొట్టులో పెద్దది చేయిస్తే
చివరి వరస అడుగున తెగిపోయింది.
షీన్‌కి మూడు కొమ్ములే మిగిలాయి.
గోడకి అన్నం మెతుకులతో అంటించి
నాలుగు రోజులు ఎడమనుంచి చదివాం,
వావ్‌ని పట్టుకుని ఆలెఫ్, ఆలెఫ్ అని
పిల్లలూ నేనూ ఒకటే అరుపు.

పక్కింటి పీరాంబీ కుట్టుమిషను ఆపి వచ్చింది.
"ఇదేందమ్మే, కుడినుంచి గదా!
మా పిల్లోళ్ళు చదివేది అట్టనే."
వేలు పెట్టి చూపించింది.
"మాకూ అలిఫే ముందర. తర్వాత బే."
పదకొండేళ్ళుగా ఆ పిట్టగోడ మీదుగా
చింతపండు పులుసు పోయింది, సేమ్యా వచ్చింది,
జ్వరం గోలీలు పోయాయి, వచ్చాయి.
ఇది మాత్రం ఇద్దరికీ తోచలేదు.
హేత్ పలకలేక ఓబద్యా దగ్గుతుంటే
"ఖబర్ అనరా. ఆ ఖ, గొంతులోది," అంది.
అన్నాడు.

తిర్సాది ఎడమచెయ్యి.
బడిలో వేలి కణుపుల మీద స్కేలు పడ్డ చెయ్యి.
తెలుగు రాస్తే
రాసిందాన్ని రాసినట్టే అరచెయ్యి తుడుచుకుంటూ పోతుంది.
'అమ్మ' పూర్తయ్యేసరికి 'అ' ఉండదు,
మణికట్టు దాకా బలపం తెలుపు.
దానికి తిట్లు, దానిక్కాక నాకూ.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
గడప మీద కూర్చుని
పలక కుడి అంచున ఆలెఫ్ వేసింది.
చెయ్యి ఎడమకి జరిగింది. బేత్.
ఇంకా జరిగింది. గీమెల్.
చెయ్యి ముందుకు పోతావుంది,
అక్షరాలు వెనక అట్టనే నిలబడి ఉన్నాయి.
అరచెయ్యి తిప్పి ఫోను వెలుగులో పెట్టి చూసుకుంది.
ఏమీ అంటలేదు.
"చెరగలా అమ్మా," అంది.
మళ్ళీ అంది, ఈసారి నాతో కాదు.

దాలెత్‌కి రేష్‌కి నాకింకా తికమకే,
ఒకదానికి మూల కాడ మొన, ఒకదానికి వంపు.
అడుగున చుక్కలు పెడతారంట, మన గుణింతంలాగా,
ఆ చుక్కల పటం ఎక్కడ దొరుకుద్దో యోతాముకీ తెలీదు.
తాత మాటలు ఎక్కడ దొరుకుతాయో
ఎవర్ని అడగాలో తెలీదు.

రేపు శుక్రవారం.
దీపాలకి నూనె ఉంది.
మేమ్ దాకా వచ్చాయి, పదమూడు.
ఆ పదమూడే చదువుతాం,
పంక్తిలో కూర్చోమని
పెద్దోళ్ళని ఒక్కొక్కర్నే పిలిచినట్టు.