ఉత్త చేతులు

లాలాగూడ రైల్వే గ్రౌండు, ఆదివారం పొద్దుగాల.
రెండు దిక్కుల కొన తేలిన బంతి.
ఈ ఏడు బాలనర్సు ఉరికిందెంత?
పదకొండు ఉరుకులు, తొమ్మిది గజాలు.
ఉప్పల్ల ఒక బాత్రూంకు సరిపోయే జాగ.
అన్నిసార్లు పట్టి పడేసింది నేనే.

డెంజిల్ సార్ అంటడు:
"ముందు నిజంగ ఉరకాలె బిడ్డా,
అప్పుడే ఉరికినట్టు చేస్తే నమ్ముతరు.
ఖాతాల పైసల్లేని చెక్కు ఎవడు తీసుకుంటడు?"

నేను తీసుకున్న సార్.

మక్సూద్ వెనక్కి మళ్లిండు,
బంతిని బాలనర్సు పొట్టకు ఆనించిండు.
వాడు రెండు చేతులు ముడిచి, నడుము వంచి,
సీదా నా మీదికే.
తొమ్మిది గజాల సంగతి నాకెరుకే,
నా కాళ్లకు ఎరుక లేదు.
అవి భుజం వంపు జూస్తయి గాని
స్కోరు చదవయి.
రెండడుగులు ముందుకేసినయ్.
నెత్తి మీదికెల్లి బంతి పోయింది
నేను ఖాళీ చేసిన జాగలకే.

మెట్టుగూడ స్టాపుల ఆ ఎక్స్‌ప్రెస్ బస్సు
ఒక్కనాడు ఆగింది లేదు.
మలుపు కాడ జర నెమ్మదైతే చాలు
సంచులు పట్టుకొని అందరం ఉరుకుతం.

సార్‌కు ఇదంతా చెప్పలే.
"ఇంకా ఇరవై ఉరుకులు" అని విజిల్ ఊదిండు.
ఊదనీ.
బాలనర్సుకు ఉరుకుడంటే పానం.

కాని ఆ పొద్దు, దూరంగ మావోళ్లు
బంతి ఎన్క పరుగెత్తుతుంటె,
నా కింద మట్టిల పడ్డ బాలనర్సు
ముడిచిన చేతులు మెల్లగ విప్పిండు.
మోచేతికి నెత్తురు.
"ఏం లేదన్నా," అన్నడు,
ఏదో ఉన్నట్టే
మళ్ల ముడుచుకుంట.