కంటే

ద్వారకానగర్ మూడో లైన్లో
జిరాక్స్ షాపు మీద రెండో అంతస్తు.
పొద్దున్న ఆరున్నర.
ఫ్యాను తిరగట్లేదు, పట్నాయక్ మాస్టారు తిరుగుతున్నారు.
బోర్డు మీద ఇంగ్లీషులో ఓ వాక్యం:
విశాఖపట్నం ఎండ హైదరాబాద్ కంటే మెత్తన.
తప్పెక్కడుంది?

మెత్తనేటండీ, అన్నాడు దాలినాయుడు,
గాజువాక బస్సులో నిలబడొచ్చిన చొక్కాని
వేళ్ళతో వీపు నుంచి ఊడదీసుకుంటూ.
అందరం నవ్వాం.
మాస్టారు నవ్వలేదు.
ఎండని తీసుకెళ్ళి ఊరితో పోలుస్తారా,
నక్కకీ నాగలోకానికీ... అని సగంలో ఆపి
సుద్దముక్కతో రెండు మాటలు ఇరికించారు:
దట్ ఆఫ్.
ఎండ పక్కకి ఎండొచ్చి నిలబడింది.
వాక్యం చల్లబడింది. మేం చల్లబడలేదు.

నోట్సులో రాసుకున్నాను:
'దేన్' కనపడితే ఆగు.
ఎడమ పక్క చూడు, కుడి పక్క చూడు,
మద్దిలపాలెం దగ్గర రోడ్డు దాటినట్టు.

రెండోది.
ధనరేఖ ఈ క్లాసులో ఏ అమ్మాయి కంటేనైనా పొడుగు.
ధనరేఖా ఈ క్లాసు పిల్లే కదా,
తనకంటే తను పొడుగెలా అవుతుంది?
'అదర్' అన్న మాట మర్చిపోతే
పిల్లని గుమ్మం బయట నిలబెట్టినట్టే.
ధనరేఖ సిగ్గుపడి కాళ్ళు బెంచీ కిందకి లాక్కుంది.
నేను ఆ గుమ్మం దగ్గరే చాలాసేపు ఉండిపోయాను.
నాకు ముప్ఫై ఒకటి. ఇంకో రెండుసార్లు రాయొచ్చు.
మా పేటలో ఆడపిల్లల సంగతి ఎత్తినప్పుడు
నన్ను ఏ లెక్కలోనూ కలపరు.
మొన్న మా గురమ్మత్త
నన్ను తన కోడలి జీతంతో పోల్చింది.
మనిషిని పట్టుకెళ్ళి జీతం పక్కన పెట్టింది.
ఎక్కడ ఇరికించను దట్ ఆఫ్?

మూడోది ఇంటికిచ్చారు:
అమ్మ నాకంటే తమ్ముణ్ణి ఎక్కువ ప్రేమిస్తుంది.
ఇంగ్లీషు వదలదు, నిలదీస్తుంది. 'ఐ'నా, 'మీ'నా?
నేను వాణ్ణి ప్రేమించే దానికంటేనా,
అమ్మ నన్ను ప్రేమించే దానికంటేనా?
తెలుగులో రెంటికీ ఒకటే మాట,
నాకంటే.
ఇన్నేళ్ళూ ఆ మాట చాటునే బతికేశాం.

సాయంత్రం చినవాల్తేరు మలుపులో
అమ్మ గంప పక్కన మోడల్ పేపరు పరుచుకున్నాను.
తక్కెడలో ఒక పక్క కోనెం ముక్క,
ఇంకో పక్క అరకిలో రాయి.
చేపకీ ఇనప్పిండానికీ పోలికేంటమ్మా, అన్నాను,
చేప పక్కన చేపే ఉండాలంట.
అమ్మ ముల్లు మీంచి చూపు తియ్యలేదు.
"చేపనెవులు తూసేరే? బరువుని తూసేను.
ఆ మాట నాననక్కర్లేదు.
కొన్నావిడికి తెలుసు, నాకు తెలుసు.
నీ పరీచ్చోడికి తెలీదేటి?"

ఈగల్ని తోలాను. బేరం పోయాక అడిగాను,
పేపరులోది అడిగినట్టే:
నాకంటే తమ్ముడంటేనే ఇష్టం ఎక్కువ కదా?
అమ్మ కత్తిపీట కడుగుతూ,
"ఎవులికి? నాకా, నీకా?" అంది.

పట్నాయక్ మాస్టారు ముప్పావుగంట చెప్పింది
రెండు మాటల్లో అయిపోయింది.
జవాబు మాత్రం రాలేదు.
ఎవరో కవళ్ళు ఎంతని అడిగారు.

రాత్రి పదిన్నరకి ఫోను మోగింది.
వెరావల్ నుంచి తమ్ముడు, బోటు రేవుకి వచ్చిందట.
వాడు ఏడో క్లాసు దాటలేదు.
"అక్కా, ఈళ్ళ నీళ్ళు మనియి కంటే ఉప్పనే" అన్నాడు.
మనియి కంటే.
నీళ్ళ పక్కన నీళ్ళే పెట్టాడు.
ఎవరూ నేర్పకుండా.
చేతిలో పెన్సిలుంది.
తప్పేమీ లేదు అనే ఆప్షను
ఎప్పుడూ చిట్టచివర్న ఉంటుంది,
భయపడి ఎవరూ దాని జోలికి పోరు,
తప్పైతే పావు మార్కు కోత.
నేను దాన్ని దిద్దాను.
ఏం తిన్నావురా, అని అడిగాను.