టికెట్టు వెనక చిల్లర

మంగళవారం, శుక్కురారం
పొద్దున పది నుంచి రెండు దాక
మూడో అంతస్తు మెట్ల దగ్గర
నీలం కుర్చీ నాది.
జీతం లేదు. మెడల ఒక కార్డు ఉంటది.
ఇరవై ఆరేండ్లు మెహదీపట్నం డిపోల కండక్టరుని,
ఖాకీ విప్పినంక కూడ
చేతులు ఊకుంటలేవు.

నా పని చిన్నది.
చెప్పులు ఏడ విడవాలె,
మోచేతుల దాక సబ్బు ఎట్ల రుద్దాలె,
గాజులు తీసి ఏ కొంగుల ముడేసుకోవాలె,
పిండిన పాల గిన్నెకు పేరు పట్టీ ఏ దిక్కు అంటించాలె.
అద్దం అవతల గుప్పెడంత పానం
నీలి దీపం కింద పండుకున్నప్పుడు
ఇవన్ని ఎవరికి యాదుంటయి?

ఒక్క మాట మాత్రం చెప్పను:
‘ఏం గాదు, అంత మంచిగైతది.’
బస్సుల ఎవరన్న స్టాపు అడిగితే
ఇంక రెండున్నయి, కూసో తల్లీ అనేదాన్ని.
ఈడి రూటు నాకు తెల్వదు.

టప్పాచబుత్ర సఫియాకు తెలుగు రాదు.
నాకొచ్చిన ఉర్దూ అంత బస్సుదే.
పిల్లను చూడనీకి భయపడి
తలుపు కాడనే నిలబడ్డది అరగంట.
‘ఆగే బఢో అమ్మా, అందర్ చలో,
పీఛే లోగ్ ఖడే హై’ అన్న.
వెనక ఎవరూ లేరు.
నవ్వింది. లోపలికి పోయింది.

యాదమ్మ కొడుకు తొమ్మిదివందల ఎనభై గ్రాములు.
వనపర్తి దిక్కు నుంచి వచ్చి
కోకాపేటల ఆకాశానికి ప్లాస్టరింగ్ చేస్తరు మొగుడు పెండ్లాలు.
వాళ్లత్త బస్సు దిగి వచ్చుడు వచ్చుడే
‘పెంటయ్యా అని పిలువుండ్రి,
కుప్పల పడేసిండ్రనుకొని సావు ఇటు సూడదు’ అన్నది.
సిస్టర్ నవ్వలే.
‘యాదమ్మ బేబీ’ అని రాసున్న పట్టీ కింద
పెన్సిలుతోని సన్నగ
‘పెంటయ్య’ అని రాసింది.

పన్నెండు గ్రాములు పెరిగిండని
పర్వతాలు ఉరికొచ్చి చెప్తడు.
సైటుల చిటికెడు సిమెంటు అరచేతుల పోసుకొని
ఇంతుంటదా అని చూసుకుంటడట.
మర్నాడు ఎనిమిది తగ్గిండు.
ఆ దినం నా దిక్కు రాలే, కింది మెట్టు మీద కూసుండు.
నేనే పోయి పక్కన కూసున్న.
ఒక చాయ్ తెచ్చి రెండు గ్లాసులల్ల పోసిన.
మాట్లాడలే ఎవ్వరం.

శుక్కురారం, అంగి గుండీలు విప్పుమన్నరు.
మూడుసార్లు కడుక్కున్నడు పాపం, గోర్లల్ల సిమెంటు పోలే.
ఎద మీద పిల్లగాన్ని పండవెడితే
వాడు కదులుతడేమోనని
తను ఊపిరి బిగవట్టిండు.
‘తీస్కో అయ్యా ఊపిరి,
నిన్ను జూసే నేర్చుకుంటడు వాడు.’

గప్పుడు అడిగిండు, తల ఎత్తకుంట:
‘అక్కా, మీ పిల్లలు కూడ ఈడనే ఉండిరటగా.
ఎంత పెద్దగైండ్రు?’

ఐదు రూపాల టికెట్టుకు యాభై నోటిస్తే
టికెట్టు వెనక రాసిచ్చేది,
దిగేటప్పుడు చిల్లర తీస్కోమని.
కొందరు మరిచి దిగిపోయేటోళ్లు.
రాత్రి డిపోల లెక్క కట్టంగ
ఆ పైసలు సంచిల మిగిలేవి,
ఎవరివో తెల్వదు, నావైతే కావు.

‘పంతొమ్మిది దినాలంత పెద్దగైంది’ అన్న.

మిషిన్ల చప్పుడు తప్ప ఏం లేదు.
కొంచెం సేపటికి
‘పేరేందక్కా’ అన్నడు.
ఇరవై నాలుగేండ్లల
ఆ మాట అడిగినోళ్లు లేరు.
‘పెట్టలే.
పట్టీ మీద నా పేరే ఉండె.’

రెండైంది.
కుర్చీల నుంచి లేస్తుంటే లిఫ్టు తెరుచుకున్నది.
మీసాలు గూడ సరిగ్గ రాని పిల్లగాడు,
చేతులల్ల ఉత్త దుప్పటి,
ఎటు పోవాల్నో తెల్వక గోడలు చూస్తున్నడు.

సంచి మళ్ల కుర్చీ కింద వెట్టిన.
‘చెప్పులు ఈడ విడువు, బిడ్డా.’