ఒక్కటి కూడా వదలొద్దు

రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చాం,
నేనూ, డెల్మరూ.
పరుపుల ఫ్యాక్టరీ దూది ఇంకా చెవుల వెనకే ఉంది.
ఊరంతా పడుకునే పరుపులు కుట్టి
మేం నిద్ర మానుకుని
మడ్డీ ఫోర్క్ వాగు ఒడ్డున
కాఫీ డబ్బాలో వానపాముల్ని కెలుకుతున్నాం.

ఇండియానా దక్షిణాన మే నెల.
సున్నపురాతి పలకల మీద వాగు
గొంతు సవరించుకుంటూ పోతోంది.
మోకాలి లోతు దాటదు.
వంతెన నీడలో మాత్రం ఒక మడుగుంది.
ఆ సంగతి నాకు చెప్పడానికి
డెల్మర్‌కి పదకొండేళ్లు పట్టింది.

మాటల్లో మహా పొదుపరి.
"కొంచెం ఎగువకి" అంటాడు.
గంట పోయాక "ఊఁ" అంటాడు.
ఆ రెంటి మధ్య నా బెండు
ఒకసారి తలూపి, ఆలోచించి, మునిగింది.

ఎర్రకళ్ల రాక్ బాస్.
నిద్రలేని నా కళ్లకి అచ్చం చుట్టంలా ఉంది.
ముందు చెయ్యి తడుపుకోవాలి,
పొడిచెయ్యి దాని ఒంటి జిగురు తుడిచేస్తుంది.
గాలం తీసి, ప్రవాహానికి ఎదురుగా
ముఖం తిప్పి పట్టుకుంటే
అరచేతిలో కాసేపు ఊపిరి పీల్చి
తనంతట తనే వెళ్లిపోతుంది.
నిజం చెప్పాలంటే
నేనొచ్చేది ఆ వెళ్లిపోవడం కోసమే.

మధ్యాహ్నం ఐలీన్ క్రెబ్స్ గారి చెరువు.
చెరువంటే చెరువు కాదు,
ఆవుల కోసం ఎప్పుడో తవ్విన గుంట.
ఆవులు పోయాయి, బ్లూగిల్ చేపలు మిగిలాయి.
ఆవిడ ప్లాస్టిక్ కుర్చీ గట్టు మీదికి లాక్కుని
షరతులు చెప్పింది:
గేటు మూసి రండి.
బకెట్లు నిండాలి.
ఒక్కటి కూడా వదలొద్దు.

"మా ఎల్డన్‌ది జాలిగుండె.
ఇరవయ్యేళ్లు పట్టిందల్లా వదిలేశాడు.
ఏమైందో మీరే చూడండి."

చూశాం.
బొటనవేలంత చేపలు,
బిడ్డలు కావు, ముసలివే.
తినడానికి లేక ఒళ్లు పెరగలేదు,
కళ్లు మాత్రం పెరిగాయి.
అంత చిన్న ముఖంలో అంతంత కళ్లు!

బెండు నీటిని తాకనే తాకదు,
లాక్కుపోతాయి.
వేసిందే తడవు ఒకటి, తీసిందే తడవు ఇంకొకటి.
ఎదురుచూపు లేని వేట వేటేమిటి?
మళ్లీ ఫ్యాక్టరీ లైను మీద నిలబడ్డట్టుంది,
పరుపు తర్వాత పరుపు.
ఆవిడ సుద్దముక్కతో కుర్చీ చేతి మీద
గీతలు గీస్తోంది,
ఐదుకొక అడ్డగీత.

ఎప్పుడో మూడు దాటాక
నా చెయ్యి నన్నడక్కుండా
నీళ్లలో మునిగింది, తడుపుకుంది,
ఒకదాన్ని పట్టుకుని, తెరుచుకుంది.

సాయంత్రం బకెట్లు గుమ్మరించి లెక్కపెట్టింది.
"నా గీతలు నూట నలభై మూడు.
చేపలు నూట నలభై ఒకటి."
నా వంకే చూసింది.
"చెయ్యి జారిందా, వెండెల్?"
"జారింది."
"ఎల్డన్‌ చెయ్యీ అంతే,
ఇరవయ్యేళ్లు జారుతూనే ఉండేది."
తిట్టిందో తలుచుకుందో తెలియలేదు.
పార నా చేతికిచ్చింది.

టమాటా మొక్కల మధ్య జానెడు లోతున
వరసగా పూడ్చాం.
మట్టి కప్పేటప్పుడు ఆ కళ్ల వైపు చూడలేదు నేను.
ఆవిడ చూసింది, ప్రతి పారకీ.
చెరువుకి ఇప్పుడు కాస్త ఊపిరాడుతుందంది.
అదీ నిజమే.

తిరుగుదారిలో ట్రక్కు కిటికీలు దించాం,
చేతుల వాసన పోలేదు.
వంతెన దగ్గర డెల్మర్ వేగం తగ్గించాడు,
మడుగు వైపు ఓసారి చూసి
కుడిచెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

నూట నలభై మూడు. నూట నలభై ఒకటి.
నేను వదిలింది ఒకటే.

అడగలేదు.
అడిగితే చెప్పడానికి
మళ్లీ పదకొండేళ్లు పడుతుంది.