ఎనిమిది కిలోలు

రిచీ స్ట్రీట్‌లో మెట్ల కింద కొట్టు.
టంకం వాసన పట్టుకుని నడిస్తే చాలు, వచ్చేస్తుంది.
దొరైరాజు కొత్త సెట్టు ముందుకు తోశాడు.
"రంగుల తెరమ్మా,
సిగ్నళ్లన్నీ జలపాతంలా జారుతుంటాయి."
వేలు పెట్టాను. నున్నటి గాజు.
ఏ మూలా ఏమీ చెప్పలేదు.

"అడుగున ఆ పాతది తియ్యి."
"అది ఎనిమిది కిలోలు!"
ఉండనీ.
దీని చక్రంలో వేలికి సరిపడా గుంట ఉంది.
తిప్పి వదిలితే
ఇంకాస్త దూరం తనంతట తానే పోతుంది.
నలభై మీటర్ల మీట సగం అరిగింది,
ఎవరో నాలాగే రాత్రిపూట మనిషి.

బేరం రెండొందల దగ్గర ఆగి, టీ దగ్గర తెగింది.

పెరంబూరు మేడ మీద
నీళ్ల ట్యాంకు నుంచి పక్కింటి డిష్ కడ్డీ దాకా తీగ.
కరెంటు పోయింది. కింద అందరూ కొవ్వొత్తులు వెతుకుతున్నారు.
నాకా పని లేదు.
కారు బ్యాటరీ తగిలించి చక్రం తిప్పుతుంటే
బరబరల అడుగున, భీమిలి నుంచి, ఒక చెయ్యి:
ప్రతి గీత చివరా చిన్న వణుకు.
కాల్‌సైన్ పూర్తికాకముందే పోల్చుకున్నాను.

"సెట్టు కొత్తదా?" అని కొట్టాడు.
"ఎనిమిది కిలోలు" అని కొట్టాను.