శివారు వంతు

నాన్న లస్కరు.
కాట్రేనికోన దిగువన, కాలవ సన్నబడి సన్నబడి
ఉత్త తడిగా మిగిలే చోట
తూము తలుపుకి గ్రీజు రాస్తాడు.
"సోమ, మంగళవారాలు శివారు వంతు"
అని ఇంజనీరు సంతకంతో గోడకి కాగితం ఉంటుంది.
సోమవారం నీళ్లు రాకపోతే
నాన్న ఆ కాగితం వైపు చూడడు.
టార్చిలైటు తీసుకుని గట్టు వెంట పైకి నడుస్తాడు,
ఎవరు ఏ తలుపు ఎత్తారో లెక్కపెట్టుకుంటూ.

నా పీహెచ్‌డీ ఆ నేల మీదే.
ఆరేళ్లు ఉప్పు కొలిచాను,
నారుమళ్లలో, బోరింగుల్లో,
ఆఖరికి మా అమ్మ నీళ్లు కాచే తపేలా అడుగున
తెల్లటి పెచ్చులో.

కిందటి నెల రాజమండ్రిలో ఇంటర్వ్యూ.
అయిదుగురు పెద్దలు, ప్లేట్లో పూతరేకులు.
ఒకాయన నా థీసిస్ చేత్తో ఎత్తి
బరువు చూసి పక్కన పెట్టాడు.
"ఊళ్లోనా, పేటలోనా?"
"పేటేనండి."
"నాన్నగారేం చేస్తారు?"
"నీళ్లు వదులుతారండి."
నవ్వారు.
ఉప్పు గురించి ఎవరూ అడగలేదు.

బయట బల్ల మీద నా పక్కన ఒక కుర్రాడు.
వాళ్ల తాత ఒకప్పుడు ఇక్కడ ప్రిన్సిపాలట, మేనత్త డీనట.
మంచివాడే, మంచినీళ్లు తెచ్చిచ్చాడు.
ఏమడుగుతారో కూడా చెప్పాడు.
తనకి ముందే తెలుసన్నది
దాచుకోవాల్సిన సంగతని
అతనికెవరూ నేర్పలేదు.

పోస్టులు రెండు. ఒకటి అతనిది.
రెండోది, రోస్టరులో మా వంతుది,
"తగినవారు లేరు". ఇది మూడోసారి.
తగినవారు లేని ఆ కుర్చీ పాఠాలు
ఎనిమిదేళ్లుగా చెబుతున్నది నేనే,
గంటకింతని.
ఎండాకాలం గంటలుండవు.

స్టాఫ్‌రూములో సుభద్రాదేవి గారు జాలిపడ్డారు,
"దానికి నీళ్లొదులుకో అమ్మా,
ఏ జూనియర్ కాలేజో చూసుకో."
మా ఇంట్లో ఆ మాటకి అర్థం వేరండీ, అన్నాను.
ఆవిడకి వినపడలేదు, బెల్లు కొట్టారు.

ఇవాళ పోస్టాఫీసుకెళ్లి
పది రూపాయల పోస్టలార్డరు తీశాను.
అర్జీలో ఒకటే అడిగాను:
ఎవరికి ఎవరు ఎన్ని మార్కులు వేశారు,
మూడుసార్లూ.
కింద సంతకం. నేలపూడి రత్నజ్యోతి,
లస్కరు దేవవరం గారి కూతురు.
ఆ రెండో ముక్క వాళ్లు అడగలేదు.

టార్చిలో సెల్లులు అయిపోయాయట,
వచ్చేటప్పుడు తెమ్మన్నాడు నాన్న.
ఎల్లుండి సోమవారం.