నిన్నటి లెక్క

మందల్‌గోవిలో ఫిబ్రవరి. కిటికీకి లోపలి వైపు కూడా మంచు.
పశుగణన ఆఫీసు వెనక గదిలో
వెచ్చగా ఉన్నది ఒక్క సర్వరే,
అదీ ఆయాసంతో.
ఒక కాపరి పేరు కొట్టి
ఉప్పు టీ కాచుకుని, తాగి, గిన్నె కడిగి వచ్చినా
తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది.
బయట గడ్డి లారీలు ఇంజన్లు ఆపకుండా నిలబడ్డాయి,
ఆపితే ఈ చలికి మళ్ళీ అంటుకోవు.
ఎవరికెన్ని మోపులో మేం చెప్పాలి.

కొత్త మిషను కొందామన్నాడు బత్‌సూరి.
డబ్బులెక్కడివో చెప్పలేదు.
నేను సెట్టింగుల ఫైలు తెరుచుకుని కూర్చున్నాను.
దాని కడుపులో అరవై నాలుగు గిగాబైట్ల మెమరీ.
డేటాబేస్ చేతికిచ్చింది నూట ఇరవై ఎనిమిది మెగాబైట్లు,
పెట్టిన రోజు ఎంతో, ఆరేళ్ళ తర్వాతా అంతే.
ఇల్లంతా ఖాళీగా ఉంచుకుని
గడప మీద ముడుచుకు పడుకున్న మనిషిలా
అడిగినప్పుడల్లా లేచి, చీకట్లో తడుముకుంటూ
గిర్రున తిరిగే పళ్ళేల దాకా పోయి
ఒక్కో గొర్రెనూ భుజాన వేసుకొస్తోంది.

పదహారు గిగాబైట్లు ఇచ్చాను. లోపలికి రమ్మన్నాను.
ఈ ఏటి పట్టికల్ని కదలని డిస్కులోకి మార్చాను.
పాత చలికాలాలు పాత డిస్కులోనే ఉన్నాయి,
వాటికేం తొందర.
"రాయకముందే రాశానని చెప్పమను,
ఇంకా పరిగెడుతుంది" అన్నాడు బత్‌సూరి.
ఈ ఊళ్ళో కరెంటు రోజుకి రెండుసార్లు పోతుంది.
ఆ మీట జోలికి పోలేదు.

మాటిమాటికీ అడిగే జవాబుల్ని మాత్రం
కాష్‌లో, చేతికందే అరలో పెట్టాను.
గడువు: ఒక రోజు.
ఇక చూడాలి!
పేరు కొట్టి వేలెత్తేలోగా అంకె.
లారీలు కదిలాయి.
ఎవరో నా బల్ల మీద
ఎండబెట్టిన పెరుగు బిళ్ళలు గుప్పెడు పెట్టిపోయారు.

మూడో రోజు దుగర్‌సురెన్ ఫోను.
గాలి. గాలి సందుల్లోంచి గొంతు.
"నాలుగొందల పన్నెండింటికి గడ్డి దింపాడమ్మా మీవాడు."
అవునన్నాను. తెర కూడా అదే అంటోంది, ఠక్కున.
"నూట ఆరని నిన్ననే రాయించాను.
పొద్దున లేచి లెక్కపెడితే తొంభై."

డిస్కు దాకా దిగి చూశాను.
నూట ఆరు. రాసిన వేళతో సహా పదిలంగా ఉంది.
పైన నా అరలో మాత్రం
మూడొందల ఆరు జీవాలు ఇంకా నిలబడే ఉన్నాయి,
మంచు తగలకుండా,
నేను పెట్టిన గడువు తీరేదాకా చావకుండా.

ఆయన తిట్టలేదు.
"పోనీలే తల్లీ, ఎక్కడో ఒకచోట ఉన్నాయిగా" అన్నాడు,
నవ్వాడో, దగ్గాడో.
"మిగిలిన గడ్డి పక్క బావి వాళ్ళకి పంపించు."

ఆ రాత్రే మార్చాను.
ఎవరైనా ఒక్క చావు రాయిస్తే చాలు,
ఆ పేరు అరలోంచి తక్షణం చెరిగిపోవాలి,
తర్వాతి జవాబు అడుగుదాకా వెళ్ళి రావాలి.
కొంచెం నెమ్మదించిందేం అన్నాడు బత్‌సూరి.
వెళ్ళొస్తోంది అన్నాను.

దుగర్‌సురెన్ పేరు ఎదుట తొంభై కొట్టాను.
చక్రం ఒక్క చుట్టు తిరిగింది.
ఆ చుట్టును తీసేయడం నాకు తెలుసు.
తీయలేదు.